చేరినప్పుడు లేని జబ్బు ఎవరిది? సైనికుల వైకల్య పింఛను వివాద నేపథ్యం

అనారోగ్యంతో ఇంటికి పంపేసిన జవాను వైకల్య పింఛనుకు దరఖాస్తు చేసుకుంటే, తిరస్కరణ లేఖలో తరచుగా కనిపించే కారణం ఒక్కటే: ఆ జబ్బు సర్వీసు వల్ల వచ్చిందీ కాదు, సర్వీసులో ముదిరిందీ కాదు. ఆంగ్ల పొడి అక్షరాల్లో దీన్ని ‘నానా’ అంటారు; తెలుగులో ‘నానా తిప్పలు’ పడినవారికి ఆ పేరు సరిగ్గానే తోస్తుంది.

1961 నాటి సైనిక పింఛను నిబంధనల్లో 173వది చూస్తే, సర్వీసు కారణంగా వచ్చిన లేదా సర్వీసులో ముదిరిన వైకల్యం 20 శాతం గానీ అంతకు మించి గానీ ఉండి, దానివల్లే కొలువు పోయినవారికి పింఛను ఇవ్వాలి. ‘ముదిరిన’ అనే ఆ మాట ఉండబట్టే, చేరకముందు తగిలిన దెబ్బ సైనిక విధుల వల్ల ఎక్కువైనా హక్కు నిలుస్తుంది. 1982 నాటి అర్హతా నియమాలు అంతకంటే ఉదారమైనవి. చేరిక నాటి వైద్య పరీక్షలో లోపమేదీ నమోదు కాకపోతే మనిషిని ఆరోగ్యవంతుడిగానే భావించాలనీ, రుజువు చేసే భారం అతనిపై మోపకూడదనీ, సహేతుకమైన సందేహం మిగిలితే దాని ప్రయోజనం అతనికే దక్కాలనీ అవి చెప్పాయి. ఆ పరీక్షలో బయటపడే వీలులేని జబ్బని వైద్యులు అనదలచుకుంటే, అందుకు కారణాలు రాయాలి.

చిక్కంతా ఈ చివరి షరతు దగ్గరే వచ్చింది. కారణాలు రాయవలసిన చోట వైద్య మండళ్లు ‘శరీరతత్వం వల్ల వచ్చినది’ అని ఒక్క ముక్కతో సరిపెట్టిన సందర్భాలు కోర్టులకెక్కాయి. వాటిలో ధర్మవీర్ సింగ్ కేసు ముఖ్యమైనది. 1985లో సిగ్నల్స్ విభాగంలో చేరిన ఆయనను సుమారు తొమ్మిదేళ్ల తర్వాత మూర్ఛ వ్యాధి కారణంగా 20 శాతం వైకల్యంతో పంపేసి, పింఛను నిరాకరించారు. హైకోర్టులో సింగిల్ జడ్జి ఇమ్మన్న పింఛనును డివిజన్ బెంచ్ కాదంది. చేరినప్పటి రికార్డులో జబ్బు ఊసే లేదనీ, మండలి తన అభిప్రాయానికి కారణాలు చూపలేదనీ గమనించిన సుప్రీంకోర్టు 2013 జూలైలో ఆయన పక్షాన తీర్పిచ్చింది. అలాగని ప్రతి దావా గెలవదు; 2019లో ఒక మానసిక వ్యాధి కేసులో, అటువంటివి చేరిక పరీక్షలో బయటపడకపోవచ్చంటూ అదే కోర్టు పింఛను నిరాకరించింది.

అప్పీలు దారి కూడా మారుతూ వచ్చింది. శాఖాపరమైన అప్పీళ్ల తర్వాత వెళ్లవలసిన సాయుధ బలగాల ట్రిబ్యునల్, 2007 చట్టంతో ఏర్పడి 2009లో పని మొదలుపెట్టింది. తెలుగు రాష్ట్రాల కేసులు చెన్నై బెంచ్ పరిధిలోకి వచ్చాయి. ట్రిబ్యునల్ తీర్పులపై హైకోర్టుకు వెళ్లే దారిని సుప్రీంకోర్టు 2015లో దాదాపు మూసి, 2023లో మళ్లీ తెరిచింది. ఆ ఏడాది సెప్టెంబరులోనే కొత్త అర్హతా నియమాలు వచ్చినా, అంతకుముందు కొలువు వదిలినవారి దావాలు పాత నియమాల కిందే నడుస్తున్నాయి.