సినగాగ్ వెబ్‌సైట్: అపోహలు, వాస్తవాలు

అమెరికాలో యూదుల ప్రార్థనా మందిరాలకు, అంటే సినగాగ్‌లకు, వెబ్‌సైట్లు తయారుచేసే మాకు తరచూ వినిపించే అపోహలివి.

అపోహ: హోమ్‌పేజీ అందంగా ఉంటే చాలు.
వాస్తవం: ఊరికి కొత్తగా వచ్చిన కుటుంబానికి కావలసింది శుక్రవారం ప్రార్థన వేళ, కారు నిలిపే చోటు, ఏ ద్వారం గుండా లోపలికి వెళ్ళాలన్న వివరం, ఆ మందిరం ఆర్థడాక్స్, కన్సర్వేటివ్, రిఫార్మ్ శాఖలలో దేనికి చెందిందన్న సంగతి. వీటిని పీడీఎఫ్ వార్తాలేఖలో దాచడం కంటే పెద్ద డిజైన్ లోపం లేదని నా అభిప్రాయం.

అపోహ: వేళలు ఒకసారి రాసిపెడితే ఏడాదంతా పనికొస్తాయి.
వాస్తవం: అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఇదే. యూదుల వారాంతపు విశ్రాంతి దినమైన షబ్బాత్ శుక్రవారం సూర్యాస్తమయంతో మొదలవుతుంది. కొవ్వొత్తులు వెలిగించేది చాలా చోట్ల అంతకు 18 నిమిషాల ముందు. కాబట్టి న్యూయార్క్‌లో ఆ వేళ డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరలోపే వస్తుంది, జూన్‌లో ఎనిమిది దాటాక గానీ రాదు. పైగా మన పంచాంగంలోని అధిక మాసంలాగే, హీబ్రూ క్యాలెండర్‌లోనూ 19 ఏళ్ళలో ఏడుసార్లు ఒక నెల అదనంగా చేరుతుంది. అందువల్లే నూతన సంవత్సర పండుగ రోష్ హషానా 2026లో సెప్టెంబరు 11 సాయంత్రం మొదలైతే, 2027లో అక్టోబరు 1 సాయంత్రం మొదలవుతుంది. ఈ లెక్కలు చేత్తో రాయకుండా హెబ్‌కాల్ వంటి ఉచిత సేవ నుంచి నేరుగా పేజీలోకి తెచ్చుకోవడం మేలు. గూగుల్ మ్యాప్స్‌లో చూపే పండుగ వేళలను మాత్రం విడిగా సరిచేయాలి. చాలామంది మరచిపోయేది దీన్నే.

అపోహ: విరాళాల పేజీ ఎల్లవేళలా పనిచేయాల్సిందే.
వాస్తవం: ఇది రబ్బీ, అంటే మందిరపు మతగురువు, తేల్చవలసిన విషయం. సంప్రదాయాన్ని కచ్చితంగా పాటించే ఆర్థడాక్స్ ఆచారంలో షబ్బాత్ నాడు డబ్బు లావాదేవీలు నిషిద్ధం. ఆ ఆచారాన్ని పాటించే న్యూయార్క్‌లోని బీ అండ్ హెచ్ కెమెరాల దుకాణం ఆ సమయంలో ఆన్‌లైన్ ఆర్డర్లు కూడా తీసుకోదు. మరోవైపు, షబ్బాత్ ప్రార్థనను ప్రత్యక్ష ప్రసారం చేసే రిఫార్మ్ మందిరాలు ఎన్నో ఉన్నాయి. పని మొదలుపెట్టకముందే అడిగి తెలుసుకోవాలి.

అపోహ: హీబ్రూ పాఠాన్ని బొమ్మగా పెడితే సరిపోతుంది.
వాస్తవం: బొమ్మలోని అక్షరాలను స్క్రీన్ రీడర్, అంటే చూపులేనివారికి తెరపై పాఠాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్, సరిగా చదవలేదు. యూనికోడ్‌లో రాసి, భాషనూ, కుడి నుంచి ఎడమకు సాగే దిశనూ కోడ్‌లో పేర్కొనాలి.

అపోహ: ఎంత సమాచారం ఉంటే అంత మంచిది.
వాస్తవం: 2018 అక్టోబరు 27న పిట్స్‌బర్గ్‌లోని ట్రీ ఆఫ్ లైఫ్ సినగాగ్‌లో 11 మందిని కాల్చి చంపారు, 2022 జనవరి 15న టెక్సస్‌లోని కోలీవిల్‌లో ప్రార్థన ప్రత్యక్ష ప్రసారం అవుతుండగానే ఒక సాయుధుడు రబ్బీతో సహా నలుగురిని బందీలుగా పట్టుకున్నాడు. అందుచేత భవనం లోపలి నక్షాలు, పేర్లతో కూడిన పిల్లల ఫొటోలు, తరగతి గదుల వివరాలు బహిరంగ పేజీలలో ఉండకూడదు. అలాగని అన్నీ దాచేస్తే కొత్తవారు రాలేరు. ముందుగా పేరు నమోదు చేసుకునే చిన్న ఫారం ఇచ్చి, ద్వారం వద్ద సంచుల తనిఖీ ఉంటుందని మర్యాదగా, స్పష్టంగా రాస్తే, వచ్చేవారు దాన్ని అవమానంగా భావించరు.