ప్రోటీన్: కుర్రాడి డబ్బా, తాతగారి కంచం

విశాఖలో ఆహార సలహాలు ఇవ్వడం నా వృత్తి. బీచ్ రోడ్డులో పరుగెత్తి, ప్రోటీన్ పౌడరు డబ్బాతో వచ్చే కుర్రాళ్లను చూసి నాకు పెద్దగా దిగులు లేదు. వాళ్ల వెనకే వచ్చి "ఈ వయసులో మాకెందుకమ్మా ఇవన్నీ" అనే తాతగార్ల గురించే నా బెంగంతా.

అపోహ: రోజూ పప్పు తింటున్నాం, ఇంకేం లోటు?

పప్పన్నం జోడీకి వంక పెట్టలేం. ప్రోటీన్ అమైనో ఆమ్లాలనే చిన్న ముక్కలతో తయారవుతుంది; లైసిన్, మిథియోనిన్ అలాంటివే. బియ్యంలో తక్కువైన లైసిన్ పప్పులో ఉంది, పప్పులో తక్కువైన మిథియోనిన్ బియ్యంలో ఉంది. చిక్కల్లా పాళ్లలోనే. మనిషికి 30 గ్రాముల కందిపప్పు వేసి వండితే దక్కే ప్రోటీన్ 6-7 గ్రాములు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫారసు ప్రకారం పెద్దలకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు కావాలి. 60 కిలోల మనిషికి సుమారు 50 గ్రాములు! గుడ్డులో 6 గ్రాములు, 100 గ్రాముల చేపలో 18-20 గ్రాములు ఉంటాయి. నెత్తళ్లు దొరికే ఊళ్లో ఉండి డబ్బాల కోసం వెతకడమెందుకో నాకు అర్థం కాదు.

అపోహ: కడుపు నిండితే చాలు, ఏం తిన్నా ఒకటే.

నాలుగు ఇడ్లీలు తిన్నవారికి పదకొండు గంటలకే మళ్లీ ఆకలి వేయడం చూస్తూనే ఉంటాం. ప్రోటీన్ తిన్నప్పుడు పేగుల నుంచి జీఎల్‌పీ-1, పీవైవై వంటి హార్మోన్లు ఎక్కువగా విడుదలై, ఇక చాలని మెదడుకు కబురు పంపుతాయి. అందుకే ఉదయం పెసరట్టు తినమంటాను. అందులో ఉప్మా తగ్గించమంటే మాత్రం నన్ను శత్రువులా చూస్తారు.

అపోహ: ప్రోటీన్ తింటే కొవ్వు కరుగుతుంది.

ప్రోటీన్ నుంచి వచ్చే ప్రతి 100 కేలరీలలో 20-30 దాన్ని అరిగించుకోవడానికే ఖర్చవుతాయి. పిండి పదార్థాలకు అది 5-10 మాత్రమే. అయినా 50 గ్రాముల ప్రోటీన్ మీద ఆ ఖర్చు 40-60 కేలరీలు. సాయంత్రం రెండు బజ్జీలు తింటే ఆ లాభం హుళక్కే.

అపోహ: కండలు కుర్రాళ్ల గొడవ.

వయసు మళ్లాక అదే ప్రోటీన్‌కు కండరం మునుపటిలా స్పందించదు. అందుకే పెద్దవారికి కిలోకు 1-1.2 గ్రాముల దాకా సూచిస్తాం. అదీ మధ్యాహ్నం ఒక్కపూటే కాకుండా మూడు పూటలా. రాత్రి పాలు, రెండు బిస్కెట్లతో సరిపెట్టుకునే తాతగారికి గుడ్డో, ఉడికించిన శనగలో, గట్టి పెరుగో చేర్చాలి. తిండి ఒక్కటే చాలదు. కుర్చీలోంచి చేతుల ఊతం లేకుండా పదిసార్లు లేచి కూర్చోమంటాను. పని చెప్పని కండ తిన్నదాన్ని నిలుపుకోదు.

అపోహ: ప్రోటీన్ కిడ్నీలను పాడుచేస్తుంది.

కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం మనకు దగ్గరే కాబట్టి ఈ భయం సహజం. ఆరోగ్యంగా ఉన్న కిడ్నీలకు పైన చెప్పిన మోతాదులతో హాని లేదు. కిడ్నీ జబ్బు ఉన్నవారి లెక్క వేరు; వారికి ఎంత తినాలో వైద్యులే చెప్పాలి. షుగరు, బీపీ ఉన్నవారు తిండి మార్చే ముందు కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష, మూత్రంలో అల్బుమిన్ పరీక్ష చేయించుకుని రండి.