మెదడులో గడ్డలు: అపోహలు - వాస్తవాలు

నెల్లూరులోని మా న్యూరోసర్జరీ ఓపీకి స్కాన్ కవరు పట్టుకుని వచ్చేవారిలో చాలామంది కూర్చోకముందే "క్యాన్సరేనా సార్? ఎన్నాళ్లు?" అని అడుగుతారు. గడ్డ ఏ కణాల నుంచి పుట్టిందో, ఎక్కడ పెరుగుతోందో తేలకుండా దానికి జవాబు చెప్పలేము.

అపోహ: మెదడులో గడ్డ అంటే క్యాన్సరే.
వాస్తవం: పెద్దవారిలో పుర్రె లోపలే పుట్టే గడ్డలలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది మెనింజియోమా. ఇది మెదడును కప్పి ఉండే పొరల నుంచి పుడుతుంది, ఆడవారిలో ఎక్కువ, చాలావరకు గ్రేడ్ 1 గడ్డే, అంటే నెమ్మదిగా పెరిగే, క్యాన్సర్ కాని రకం. చిన్నదై, లక్షణాలేమీ లేకపోతే ఆపరేషన్ చేయకుండా అప్పుడప్పుడు స్కాన్ తీసి గమనిస్తూ ఉంటాము. గ్లియోబ్లాస్టోమా ఇందుకు పూర్తిగా భిన్నం: అన్నిటికంటే తీవ్రమైన గ్రేడ్ 4కు చెందిన ఈ క్యాన్సర్ గడ్డ మెదడు కణజాలంలోకి పాకిపోతుంది కాబట్టి, కంటికి కనిపించినదంతా తీసివేసినా కణాలు మిగిలే ఉంటాయి; ఆపరేషన్, రేడియేషన్, టెమోజోలమైడ్ మాత్రలు అన్నీ ఇచ్చినా సగటు ఆయుర్దాయం ఏడాది, ఏడాదిన్నర మధ్యే ఉంటుంది. ఊపిరితిత్తులు, రొమ్ము వంటి చోట్ల మొదలై మెదడుకు పాకే గడ్డలు వేరే కోవకు చెందినవి.

అపోహ: క్యాన్సర్ కాకపోతే ప్రమాదం లేదు.
వాస్తవం: నన్ను ఎక్కువగా బాధపెట్టే అపోహ ఇది. పుర్రె సాగదు, మెత్తని గడ్డయినా పక్కనున్న నరాన్ని నొక్కుతుంది. వినికిడిని, ఒంటి సమతూకాన్ని చూసే నరం మీద పెరిగే ష్వానోమా అనే గడ్డ వల్ల ఒక చెవి మెల్లగా మందగిస్తే, ఫోన్‌ను రెండో చెవికి మార్చుకుని, వయసు మీద పడిందనుకుని ఏళ్లు గడిపేస్తారు. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథిలో పుట్టే గడ్డ, కంటి నరాలు కలిసే చోటును నొక్కితే చూపులో రెండు బయటి పక్కలూ చెరిగిపోతాయి. ఎదుటి అక్షరాలు స్పష్టంగానే కనబడతాయి గనుక, గుమ్మాలకు భుజాలు తగులుతున్నా, బైకు నడుపుతుండగా పక్కనుంచి వచ్చే లారీ కనబడకపోయినా, దాన్ని కంటి జబ్బుగా అనుమానించరు. పిట్యూటరీ గడ్డలలో ప్రొలాక్టినోమా అనే రకానికి నెలసరి ఆగడం, బాలింత కాకపోయినా పాలు రావడం గుర్తులు. సాధారణంగా దానికి కత్తి అక్కరలేదు, కాబెర్గొలిన్ మాత్రలతోనే కుంచించుకుపోతుంది.

అపోహ: తలనొప్పి లేదు కాబట్టి గడ్డ ఉండదు.
వాస్తవం: పెద్దవయసులో మొదటిసారి వచ్చిన ఫిట్సే కొందరికి తొలి గుర్తు. గాలి సోకిందని తాయెత్తు కట్టించుకున్నవారు కట్టించుకోండి, ఎంఆర్‌ఐ మాత్రం మానకండి.

అపోహ: స్కాన్‌లో ఉంగరంలాంటి మచ్చ కనబడితే క్యాన్సర్ గడ్డే.
వాస్తవం: మన దేశంలో అది క్షయ (టీబీ) గడ్డ కావచ్చు, పంది మాంసంతో ముడిపడిన బద్దెపురుగు (టేప్‌వార్మ్) తిత్తి కావచ్చు. "మేము శాకాహారులం, పంది పురుగు మాకెలా?" అని అడుగుతుంటారు. బద్దెపురుగు ఉన్న మనిషి మలంలోని గుడ్లు, కడగని ఆకుకూరల ద్వారా, నీటి ద్వారా, ఎవరి కడుపులోకైనా చేరతాయి. ఈ రెండూ మందులతో తగ్గే జబ్బులే.