కచేరీలో పక్కన కూర్చునేవాడి మాట: అపోహలు - వాస్తవాలు

విజయనగరంలో ఎవరితోనైనా "ఫిడేలు వాయిస్తానండీ" అంటే, సగంమంది "ఏ ఆర్కెస్ట్రాలో బాబూ?" అని అడుగుతారు. మా వైపు ఆర్కెస్ట్రా అంటే అమ్మవారి పండక్కి స్టేజీ కట్టి, కీబోర్డూ ప్యాడ్లూ పెట్టి సినిమా పాటలు పాడే బృందం. పడమటి దేశాల్లో అదే మాటకి ఎనభై, తొంభైమంది కాగితాల మీద స్వరాలు చూస్తూ ఒక్కచేతి సైగకి వాయించడం అని అర్థం. మా కర్ణాటక సంగీత కచేరీ ఈ రెండూ కాదు. పాడేవారు, ఫిడేలు, మృదంగం, కుదిరితే ఘటం, వెనక తంబురా. నలుగురైదుగురం, అంతే. పందిళ్ళ కింద పక్కవాద్యం వాయిస్తూ ఇన్నేళ్ళుగా విన్న మాటలకి నాకు తెలిసిన జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: శ్రుతి చూసుకోవడం టైము గడపడానికే.

నెల్లిమర్ల దగ్గర ఒక ఊళ్ళో రామనవమి పందిరి. ముందు వరసలో పెద్దాయన ఉండబట్టలేక అడిగేశారు: "ఏటి మాస్టారూ, ఇంటికాడే సరిజేసుకొని రాలేకపోయారేటి?"

న్యాయమైన ప్రశ్నే. కానీ ఇంటి దగ్గర కలిపిన తీగ పందిట్లో లైట్ల వేడికి కాస్త సాగుతుంది. మృదంగం తోలు గాలిలో తేమకి వదులవుతుంది. అంతకన్నా పెద్ద సంగతి, మాకు అందరికీ కలిపి ఒకే శ్రుతి అంటూ లేదు. పడమటి ఆర్కెస్ట్రాలో ఓబో అనే ఊదే వాద్యం ఒక స్వరం ఇస్తే, దానికి అందరూ కలుపుకుంటారు. ఆ స్వరం సెకనుకి 440 కంపనాల దగ్గర ఉంటుంది. మాకు పాడేవారి గొంతే కొలత. మగవారు ఎక్కువగా ఒకటి, ఒకటిన్నర శ్రుతిలో పాడితే, ఆడవారు అయిదు, అయిదున్నరలో పాడతారు (అంకె పెరిగితే శ్రుతి ఎత్తు పెరిగినట్టు). గాయకుడు దిగి గాయని కూర్చుంటే నా నాలుగు తీగలూ మళ్ళీ మొదటినుంచి కలపాలి. ఒకే మృదంగం రెండు శ్రుతులకీ సరిపోదు, అందుకే మృదంగం ఆయన రెండు మోసుకొస్తారు. బస్సులో కండక్టరు "వీటికీ టికెట్టు కొట్టమంటారా?" అని నవ్వుతాడు.

ఇదంతా ఆ పెద్దాయనకి చెప్పాను. తంబురా నాదంలో నా మధ్య షడ్జం (స, మొదటి స్వరం) ఇమిడిపోయిన క్షణాన ఆయనే "ఆఁ, ఇప్పుడు కలిసింది" అన్నారు. ఆయన ఏనాడూ సంగీతం నేర్చుకోలేదు. అయినా ఆయన చెవి చెప్పింది సరిగ్గా నిజం.

అపోహ: మృదంగానికి ఎడమవైపు పూసేది ఏదో మందు.

కాదు, బొంబాయి రవ్వే, మనం ఉప్మా చేసుకునేదే. నీళ్ళతో ముద్దచేసి కచేరీకి ముందు తొప్పి (ఎడమవైపు తోలు) మీద అద్దుతారు, అయ్యాక గీకేస్తారు. ఆ బరువు వల్లే గుమ్మనే నాదం పలుకుతుంది. కుడివైపు నల్లమచ్చ మాత్రం ఒక రకం రాతిపొడిని అన్నంతో మెదిపి, పొరలు పొరలుగా రుద్ది శాశ్వతంగా వేసేది.

అపోహ: అందరూ కలిసి నెలల తరబడి రిహార్సల్సు చేస్తారు.

చాలా కచేరీల్లో పాడేవారిని నేను కలిసేది ఆ సాయంత్రమే. ఏ పాటలు పాడతారో ఒక్కోసారి వేదిక మీదే తెలుస్తుంది. "మరెలా వాయించీస్తారు?" అని పిల్లలు అడుగుతారు. నాకు ఇష్టమైన ప్రశ్న ఇదే.

రాగం ఎత్తుకోగానే మొదటి ఒకటి రెండు పలుకుల్లో అదేదో పట్టుకోవాలి. దర్బారు, నాయకి రాగాల లాంటి దగ్గరి చుట్టాలు ఎదురైతే తొందరపడి విల్లు వేయకూడదు. రాగాన్ని తేల్చే పలుకు వినపడేదాకా షడ్జం పట్టుకుని ఆగాలి. ఎన్నడూ వినని కృతి వస్తే పల్లవే కాపాడుతుంది. పల్లవి మొదటి పాదాన్ని సంగతులు (అదే పాదానికి కొత్త కొత్త మలుపులు) పెంచుకుంటూ మళ్ళీ మళ్ళీ పాడతారు కదా, మొదటిసారి మెల్లగా నీడలా నడిచి, మూడోసారికి పక్కన నడుస్తాను. పల్లవి తర్వాత వచ్చే అనుపల్లవి చాలావరకు పైషడ్జం వైపు ఎక్కుతుందని తెలుసు. చరణం చివర అనుపల్లవి వరసే తిరిగొస్తుందనీ ముందే ఊహించవచ్చు. ఇవి తెలిసినా చెవి ఒక్క క్షణం పక్కకి పోతే అన్నీ పోతాయి. స్వరకల్పన, అంటే అప్పటికప్పుడు సరిగమలు అల్లడం, మరీ బాగుంటుంది. పాడేవారు ఒక ఆవర్తం (తాళం ఒక చుట్టు) పాడి వదిలితే నేను అదే ఎత్తుగడకి (పాట ఎత్తుకునే చోటుకి) వచ్చి చేరాలి. చేరినప్పుడు గాయకుడి మొహంలో వచ్చే చిరునవ్వు కోసమే నేను ఈ పని చేస్తున్నానని చాలాసార్లు అనిపిస్తుంది.

అపోహ: ఫిడేలు పరాయి వాద్యం.

వాద్యం యూరప్‌దే. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దాన్ని మన సంగీతంలోకి తెచ్చి రెండు వందల ఏళ్ళు దాటింది. వాళ్ళు గడ్డం కింద పెట్టి నిలబడో, కుర్చీలోనో వాయిస్తారు. మనం నేలమీద కూర్చుని దాని తలని కుడిపాదం మీద ఆనిస్తాం. అలా ఆనిస్తే బరువు మోసే పని ఎడమచేతికి ఉండదు, గమకానికి (స్వరాన్ని ఊపడానికి) వేళ్ళు జారడానికి వీలు. తీగలూ సపసప (షడ్జం, పంచమం, మళ్ళీ అవే) అని కలుపుతాం, వాళ్ళ పద్ధతి వేరు.

మా ఊరి సంగతి వేరే చెప్పాలా! 1919లో ఇక్కడ సంగీత కళాశాల పెట్టినప్పుడు తొలి ప్రిన్సిపాలు హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసుగారు. ద్వారం వెంకటస్వామి నాయుడుగారు శిష్యుడిగా చేరుదామని వస్తే, వాయిద్యం విని గురువుగా పెట్టుకున్నారని ఇప్పటికీ చెప్పుకుంటారు. అప్పటికి ఆయనకి 26 ఏళ్ళు. ఫిడేలు నాయుడుగారంటే తెలియని సంగీతప్రియుడు లేడు.

అపోహ: శాస్త్రీయం నేర్చుకుంటే సినిమా పాటకి పనికిరారు.

ఘంటసాల, పి. సుశీల ఇద్దరూ ఈ కళాశాల విద్యార్థులే. ఇంకేం చెప్పను?

అపోహ: తెలిసినవాళ్ళే వినాలి.

ఈ మాట వింటే నాకు బాధేస్తుంది. పుష్య బహుళ పంచమినాడు త్యాగరాజ ఆరాధన జరిగే చోటుకి ఒక్కసారి రండి. ఆయన అయిదు పంచరత్న కృతులు అందరూ కలిసి పాడతారు. ఫిడేళ్ళు నాలుగైదు, మృదంగాలు రెండు మూడు, గొంతులు ఎన్ని వస్తే అన్ని, సైగ చేసేవారెవరూ ఉండరు. పడమటివాళ్ళ ఆర్కెస్ట్రాకి మా దగ్గర అన్నిటికన్నా దగ్గరిది ఇదే. అయిదూ ఆదితాళమే. ఒక దెబ్బ, మూడు వేళ్ళు, మళ్ళీ దెబ్బ, తిప్పు, దెబ్బ, తిప్పు. మొత్తం ఎనిమిది. ముందు వరసలో కూర్చోండి, తొడ మీద వేస్తూ ఉండండి. తప్పితే పక్కవాళ్ళ చెయ్యి చూడండి, మళ్ళీ కలిసిపోతారు.