సాయంత్రానికే స్కోన్ ఎందుకు గట్టిపడుతుంది?

పొద్దున ఓవెన్‌లోంచి తీసినప్పుడు వేళ్లతో విప్పితే పొరగా విడిపోయిన స్కోన్ (టీతో తినే, బన్ను లాంటి బ్రిటిష్ మైదా రొట్టె), సాయంత్రం టీ వేళకు పంటి కింద పొడిపొడిగా రాలుతుంది. తడి ఆరిపోయిందని అనుకుంటాం. ఫ్రాన్స్‌కు చెందిన రసాయన శాస్త్రవేత్త బుస్సెంగో 1852లోనే ఆ అనుమానం తీర్చాడు. రొట్టెను గాలి చొరబడకుండా మూసిపెట్టాడు. తేమ ఎక్కడికీ పోలేదు, అయినా రొట్టె పాతబడింది. వేడిచేస్తే మళ్లీ మెత్తబడింది.

దోషం మైదాలోని స్టార్చ్‌ది, అంటే పిండిపదార్థానిది. ఓవెన్‌లో అది పాలలోని నీటిని పీల్చుకుని ఉబ్బుతుంది, గొలుసుల్లాంటి దాని అణువులు గంజిలో లాగా విచ్చుకుంటాయి. చల్లారాక అవే మళ్లీ దగ్గరకు జరిగి, వరుసకట్టి, స్ఫటికాలుగా బిగుసుకుంటాయి. నీరు లోపలే ఉంటుంది, నాలుకకు మాత్రం అందదు. రాత్రి ఫ్రిజ్‌లో పెట్టిన ఇడ్లీ తెల్లారేసరికి రాయిలా మారడం, ఆవిరి పట్టగానే దారికి రావడం ఇందువల్లే. కేకులో చక్కెర, కొవ్వు దండిగా ఉండి ఈ బిగింపును ఆలస్యం చేస్తాయి. స్కోన్‌లో అవి తక్కువ. 225 గ్రాముల మైదాకు వెన్న 55 గ్రాములు, పాలు 150 మిల్లీలీటర్లు, చక్కెర ఒకటి రెండు చెంచాలు, అంతే.

ఒకప్పుడు స్కాట్లండ్‌లో ఓట్స్, బార్లీ పిండితో పెనం మీద కాల్చిన పలచని రొట్టె ఇది. దానికి ఇప్పటి ఎత్తు బేకింగ్ పౌడర్ వల్ల వచ్చింది. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో మందుల వ్యాపారి ఆల్‌ఫ్రెడ్ బర్డ్ 1843లో దాన్ని తయారుచేసింది ఈస్ట్ పడని భార్య కోసం. చల్లని వెన్నను వేళ్ల కొసలతో మైదాలో రవ్వలా నలిపితే, ఓవెన్ వేడికి ఆ ముక్కలు కరిగి, వాటిలోని నీరు ఆవిరై పొరలను పైకి నెడుతుంది. పాలు పోశాక చపాతీ పిండిలా మర్దించారో, మైదాలోని జిగురు ప్రోటీన్ గ్లూటెన్ సాగి స్కోన్ రబ్బరవుతుంది. ముద్ద గరుకుగా, కాస్త అసహ్యంగా ఉన్నప్పుడే చేయి ఆపాలి. నాకు ఇదే అన్నిటికన్నా కష్టం.

స్కోన్ మీద ఇంగ్లండ్‌లోని డెవన్ ప్రాంతంలో ముందు మీగడ రాస్తారు, పక్కనున్న కార్న్‌వాల్‌లో ముందు జామ్. ఆ తగవులో నేను తలదూర్చను. గట్టిపడిన స్కోన్ మీద ఏది ముందు రాసినా ఒకటే.

ఇక దాచడం. చాలామంది చేసే పొరపాటు ఫ్రిజ్. నీరు గడ్డకట్టే స్థాయికి కాస్త పైన, సరిగ్గా ఫ్రిజ్ చల్లదనంలోనే స్టార్చ్ అన్నిటికన్నా వేగంగా బిగుస్తుంది. బల్ల మీద గట్టి మూత ఉన్న డబ్బాలో ఒక రోజు పరవాలేదు. ఆపైన అయితే ఫ్రీజర్‌లో పెట్టాలి. మైనస్ 18 డిగ్రీల దగ్గర అణువులు కదలలేవు, కనుక వరుసకట్టనూ లేవు. పాతబడినదాన్ని ఓవెన్‌లో కొన్ని నిమిషాలు వేడిచేస్తే, లోపల 60 డిగ్రీలు దాటగానే స్ఫటికాలు కరుగుతాయి. కానీ వేడిచేసిన ప్రతిసారీ కొంత నీరు నిజంగానే పోతుంది, కాబట్టి ఆ ఉపాయం ఒక్కసారికే.

నేను కాల్చినవాటిని దాచడం మానేశాను. పచ్చి ముద్దలనే కోసి, పళ్లెంలో విడివిడిగా గడ్డకట్టించి, సంచిలో వేస్తాను. బేకింగ్ పౌడర్‌లో కొంత భాగం వేడి తగిలాకే వాయువు విడుదల చేస్తుంది, అందుకే అవి తర్వాత కూడా పొంగుతాయి. అతిథులు చెప్పులు విప్పుతుండగా రెండో మూడో తీసి, కరిగించకుండానే 220 డిగ్రీల ఓవెన్‌లోకి తోస్తాను. మామూలు పావుగంటకు మరో మూడు నాలుగు నిమిషాలు కలుపుతాను.