అనంత సమూహాలు, వాటి ఉపసమూహాలు: దూరాల గురించి అపోహలు - వాస్తవాలు

నేను రోజూ చేసే పని అనంత సమూహాలను కాస్త దూరంగా నిలబడి చూడటం. సమూహం (గ్రూప్) అంటే ఏ రెండు మూలకాలను కలిపినా అందులోని మూలకమే వచ్చే, ప్రతిదానికీ విలోమం ఉండే గుంపు; అందులో సొంతంగా సమూహమయ్యే భాగం ఉపసమూహం. ముందు కొన్ని జనకాలు, అంటే మిగతావన్నీ కట్టడానికి సరిపోయే మూలకాలు, ఎంచుకుంటాం. ఒక మూలకాన్ని వాటితో, వాటి విలోమాలతో రాయడానికి కనీసం ఎన్ని అక్షరాలు పడతాయో, తత్సమ మూలకం (దేనితో కలిపినా దాన్ని మార్చనిది) నుంచి దాని దూరం అంత.

అపోహ: జనకాలు మార్చితే జ్యామితే మారిపోతుంది.

వాస్తవం: జనకాలు పరిమితంగా ఉన్నంతవరకు దూరాలు ఏదో ఒక స్థిర సంఖ్య రెట్లకు మించి మారవు. పూర్ణాంకాలకు 1 ఒక్కటే జనకంగా తీసుకున్నా, 2, 3 కలిపి తీసుకున్నా, దూరం నుంచి కనిపించేది ఒకే గీత.

అపోహ: అంత దూరం నుంచి బీజగణితం కనిపించదు.

వాస్తవం: కనిపిస్తుంది. వ్యాసార్ధం పెరిగేకొద్దీ గోళంలోని మూలకాల సంఖ్య బహుపదిలా మాత్రమే పెరిగితే, ఆ సమూహంలో పరిమిత ఇండెక్స్ ఉన్న (పరిమితంగా కొన్ని నకళ్లతోనే సమూహమంతా నిండే), నిల్‌పొటెంట్ (గుణకార క్రమం మార్చినా పెద్దగా తేడా రాని రకం) ఉపసమూహం ఉండి తీరుతుందని గణితవేత్త గ్రోమోవ్ 1981లో నిరూపించాడు. ఉత్త లెక్కింపు నుంచి ఇంత నిర్మాణం బయటపడటం నాకిప్పటికీ ఆశ్చర్యమే.

అపోహ: ఉపసమూహానికి జనకాలు తక్కువే చాలు.

వాస్తవం: రెండే జనకాలున్న ఫ్రీ గ్రూప్‌లో (జనకాల మధ్య ఏ నియమమూ లేని సమూహంలో) కమ్యుటేటర్ ఉపసమూహానికి (x·y·x⁻¹·y⁻¹ రూపంలోని మూలకాల నుంచి పుట్టేదానికి) అనంతంగా జనకాలు కావాలి.

అపోహ: ఉపసమూహంలో ఎంత దూరమో, పెద్ద సమూహంలోనూ ఇంచుమించు అంతే.

పరిశోధన మొదలుపెట్టిన కొత్తలో నేనూ ఇదే నమ్మి, ఒక నిరూపణ మొత్తం మళ్లీ రాయాల్సి వచ్చింది. బామ్‌స్లాగ్, సాలిటర్ 1962లో పరిచయం చేసిన సమూహాల్లో ఒకదాన్ని చూడండి. జనకాలు రెండే: అ, ట. నియమం ఒక్కటే: ట·అ·ట⁻¹ = అ². అంటే ‘అ’కు అటూ ఇటూ ట, ట⁻¹ చేర్చిన ప్రతిసారీ ఘాతం రెట్టింపవుతుంది. పదిసార్లు చేర్చితే ట¹⁰·అ·ట⁻¹⁰ = అ¹⁰²⁴. ‘అ’ ఘాతాల ఉపసమూహం లోపలే నడిస్తే 1024 అడుగులు. బయటికి వెళ్లి దగ్గరదారిలో వస్తే 21. ఇంకో పదిసార్లు చేర్చితే, పది లక్షలు దాటిన దూరం 41 అడుగుల్లో అయిపోతుంది! దీన్నే డిస్టార్షన్ అంటాం. హైజెన్‌బర్గ్ సమూహపు (కర్ణం మీద 1లు, దాని కింద సున్నాలు ఉండే 3×3 పూర్ణాంక మాత్రికల సమూహపు) కేంద్రంలో, అంటే అన్నిటితోనూ క్రమం మార్చుకోగల మూలకాల్లో, ఇది వర్గం స్థాయిలోనే ఉంటుంది: కేంద్రపు జనకం 100వ ఘాతానికి 40 అక్షరాలు సరిపోతాయి.

అపోహ: హైపర్బోలిక్ సమూహాల్లో (అతి చిన్న దారులతో గీసిన త్రిభుజాలన్నీ సన్నగా ఉండేవాటిలో) ఈ గొడవే ఉండదు.

వాస్తవం: ఒకే మూలకం నుంచి పుట్టే అనంత ఉపసమూహాల వరకు నిజమే. అంతకు మించి భరోసా లేదు. 1982లో రిప్స్ ఇచ్చిన నిర్మాణంతో, పరిమిత జనకాలున్న ఉపసమూహమే అయినా, దాని డిస్టార్షన్‌కు ఏ కంప్యూటర్ ప్రోగ్రామూ పైహద్దు కట్టలేని ఉదాహరణలు వస్తాయి. టెన్షన్ లేకుండా వాడుకోగలిగేవి క్వాజీకాన్వెక్స్ ఉపసమూహాలు. వాటిలోని ఏ రెండు బిందువులను కలిపే అతి చిన్న దారి అయినా ఉపసమూహం నుంచి ఒక స్థిర దూరానికి మించి పక్కకు పోదు.