ఎముకల నిండా కాల్షియం, అయినా గేదె లేవదు

కోనసీమలో పాడి ఉన్న ఏ ఇంట్లో అడిగినా పాల జ్వరం సంగతి చెబుతారు. మూడో ఈతో నాలుగో ఈతో ఈనిన మంచి పాలగేదె మర్నాటికల్లా కాళ్లు తడబడి కూలబడుతుంది. మెడ వంచి మూతిని డొక్కకు ఆనించుకుంటుంది. చెవులు పట్టుకుంటే చల్లగా తగులుతాయి. పేరుకే జ్వరం, ఒంట్లో వేడి తగ్గుతుందే గానీ పెరగదు. పశువుల డాక్టరు వచ్చి మెడ నరంలోకి కాల్షియం బాటిల్ ఎక్కిస్తారు, అదీ గుండె చప్పుడు వింటూ, నెమ్మదిగా. చాలాసార్లు బాటిల్ అయ్యేసరికి గేదె పేడ వేసి, కాసేపట్లో లేచి నిలబడుతుంది.

ఆ బాటిల్లో ఉండేది కొద్ది గ్రాముల కాల్షియం. గేదె ఎముకల్లోనేమో కిలోల కొద్దీ ఉంది. మరి ఎందుకు పడిపోయినట్టు?

గేదెకైనా మనకైనా రక్తంలో కాల్షియం ఇరుకైన హద్దుల్లోనే ఉండాలి. మనిషిలో అయితే డెసిలీటరుకు, అంటే వంద మిల్లీలీటర్లకు, సుమారు 8.5 నుంచి 10.5 మిల్లీగ్రాములు. ఒంట్లోని కాల్షియంలో 99 శాతం ఎముకల్లో, పళ్లలో ఉంటుంది. గుండె కొట్టుకోవాలన్నా, కండరం ముడుచుకోవాలన్నా పని జరిగేది ఆ మిగిలిన ఒక్క శాతంతోనే. దాన్ని కనిపెట్టుకుని ఉండేవి గొంతులో థైరాయిడ్ వెనక అంటుకుని ఉండే పారాథైరాయిడ్ గ్రంథులు. మనిషిలో సాధారణంగా నాలుగు, ఒక్కోటీ దాదాపు బియ్యపు గింజంత ఉంటుంది. కాలువలో నీటిమట్టం చూసి తలుపులు ఎత్తే లస్కరు పని వీటిది. కాల్షియం కాస్త తగ్గితే చాలు, క్షణాల్లో పారాథైరాయిడ్ హార్మోన్‌ను రక్తంలోకి వదులుతాయి. కాల్షియం పెరిగితే తగ్గించడానికి థైరాయిడ్ నుంచి కాల్సిటోనిన్ అనే మరో హార్మోన్ వస్తుంది గానీ, మనుషుల్లో దాని ప్రభావం తక్కువే.

పారాథైరాయిడ్ హార్మోన్ మాట కిడ్నీలు వెంటనే వింటాయి. మూత్రంలో పోబోయే కాల్షియాన్ని నిమిషాల్లో వెనక్కి లాగుతాయి. అయితే అలా మిగిలేది కొంచెమే. అవే కిడ్నీలు విటమిన్ డి ని పనిచేసే రూపంలోకి మారుస్తాయి. దాంతో పేగు మేతలోంచి ఎక్కువ కాల్షియం పీల్చుకుంటుంది, కానీ అందుకు ఓ రోజు పడుతుంది. ఎముక ఇంకా ఆలస్యం.

ఎముకను కరిగించే కణాలను ఆస్టియోక్లాస్టులంటారు. చిత్రమేమిటంటే ఈ హార్మోన్ ఆజ్ఞ వాటికి నేరుగా చేరదు. దాన్ని అందుకునేవి ఎముకను కట్టే ఆస్టియోబ్లాస్టులు, ఎముకలోనే కూరుకుపోయి ఉండే ఆస్టియోసైట్లు. పడగొట్టే వాళ్లను పిలిచేది కట్టే వాళ్లేనన్నమాట. అవి ఆర్‌ఏఎన్‌కే లైగాండ్ అనే ప్రొటీన్‌తో కబురు పెడితే, మజ్జలో పుట్టిన చిన్న కణాలు కొన్ని కలిసిపోయి, ఒకే ఒంట్లో చాలా కేంద్రకాలున్న పెద్ద ఆస్టియోక్లాస్టు తయారవుతుంది. అది ఎముక మీద బోర్లా అతుక్కుని, అంచులు బిగించి, లోపలికి ఆమ్లం వదులుతుంది. ఖనిజం కరుగుతుంది. మిగిలిన కొల్లాజెన్ అనే ప్రొటీన్‌ను ఎంజైములు తునకలు చేస్తాయి. ఈ తతంగం ఊపందుకోవడానికి రెండు రోజులు పట్టొచ్చు.

పొదుగు అంతవరకూ ఆగదు. పాడి ఆవు పది లీటర్ల జున్నుపాలు ఇస్తే అందులో ఇరవై గ్రాములకు పైగా కాల్షియం పోతుంది, దాని రక్తంలో తిరిగేది మొత్తం మూడు గ్రాములే. తొలిచూలు ఈనిన పడ్డ సాధారణంగా ఈ జబ్బున పడదు. దాని ఎముకలు ఇంకా పెరుగుతూ ఉంటాయి, ఆస్టియోక్లాస్టులు ముందే పనిలో ఉంటాయి. వయసు పైబడ్డాక అవీ తగ్గుతాయి, పేగూ మందగిస్తుంది.

ఎముక కరిగితే కాల్షియంతో పాటు ఫాస్ఫేటూ రక్తంలోకి వస్తుంది. రెండూ మళ్లీ జట్టు కట్టకుండా, ఫాస్ఫేటును మూత్రంలోకి తోసేయమని కిడ్నీకి చెప్పేదీ ఈ హార్మోనే. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్‌ను రంగును బట్టి కొలిచే పద్ధతిని అమెరికా శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి 1925లో ప్రకటించినవాడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడాది కెనడాలో కాలిప్ అనే శాస్త్రవేత్త పారాథైరాయిడ్ సారాన్ని వేరు చేశాడు. అదే ఏడాది స్కాట్లాండులో డ్రైయర్, గ్రెగ్ అనే పరిశోధకులు పాల జ్వరానికి కాల్షియం పడిపోవడమే కారణం కావచ్చన్నారు. అంతకు ముందు యూరప్‌లో వైద్యం, పొదుగులోకి గాలి కొట్టడం! వింతగా ఉన్నా పనిచేసేది. లోపల ఒత్తిడి పెరిగి పాలు దిగడం ఆగేది, కాల్షియం రక్తంలోనే నిలిచేది.

ఈనబోయే ముందు బలమని చూడి గేదెకు కాల్షియం తెగ పట్టిస్తే ఎందుకు బెడిసికొడుతుందో కూడా ఇక్కడే తెలుస్తుంది. కాల్షియం బయటినుంచి దండిగా వస్తుంటే పారాథైరాయిడ్‌కు పనుండదు, ఎముక కణాలకు కబురు అందదు, ఈనిన రోజున అందరూ నిద్రలోనే ఉంటారు. అందుకే వట్టిపోయిన ఆ నెలల్లో ఏ ఖనిజం ఎంత పెట్టాలో డాక్టర్ని అడిగే పెట్టాలి. ఈనాక మాత్రం కాల్షియం పుష్కలంగా కావాలి. జబ్బున పడే అలవాటున్న గేదెకు మొదటి ఒకటి రెండు రోజులు దూడకు సరిపడా తీసి, పొదుగు పూర్తిగా పిండకుండా వదిలేయమనేదీ ఎముకకు ఆ గడువు ఇవ్వడానికే. బాటిల్ ఎక్కించుకుని లేచిన గేదె మర్నాడు మళ్లీ పడిపోవచ్చు, ఆ రెండు రోజులూ దాన్ని కనిపెట్టుకుని ఉండాలి.